అందాల పోటీకి హాస్టల్ ఆంటీ

నిజాంపేటలో బస్సు దిగి కిరాణా కొట్టు పక్క సందులోకి తిరిగితే కనిపించే మూడంతస్తుల మేడని ఆ రోజుల్లో అందరూ కనకలక్ష్మి హాస్టల్ అనేవారు. బోర్డు మీద వేరే పేరేదో ఉండేది గానీ, ఆ పేరు ఆమెకే సరిగా గుర్తుండేది కాదు. డాబా మీద తీగల నిండా ఆరేసిన చున్నీలు, గుమ్మం ముందు గుట్టగా చెప్పులు, పొద్దునా సాయంత్రం వంటింట్లోంచి పోపు వాసన. కూకట్‌పల్లిలో ఇంజనీరింగు, ఎంసీఏ చదివే అమ్మాయిలు సగంమంది. మిగతావాళ్లు అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు నేర్చుకుంటూ ఉద్యోగాల వేటలో ఉండేవాళ్లు.

కనకలక్ష్మిది తణుకు దగ్గర అత్తిలి. భర్త బుల్లిబాబుది కరెంటాఫీసులో ఉద్యోగం. పెళ్లయిన ఏడాదే ఇద్దరూ హైదరాబాదు వచ్చేశారు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఇంటరు చదివేటప్పుడు, ఆ పిల్ల స్నేహితురాలు పరీక్షలకని వచ్చి నెల్లాళ్లు వాళ్లింట్లో ఉంది. తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి గుమ్మంలో నిలబడి, "మీలాంటివాళ్లు ఓ హాస్టల్ పెడితే మాలాంటివాళ్లం కంటినిండా నిద్రపోతామండీ," అంది. ఆమె మాటవరసకే అన్నా కనకలక్ష్మికి అది పట్టుకుంది. కూతురికి పెళ్లయి విజయవాడ వెళ్లాక, ఉన్న ఇంటి మీదే అంతస్తులు లేపి హాస్టల్ పెట్టేసింది.

నోరు పెద్దదే గానీ మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు. సాయంత్రం ఏడయ్యేసరికి పిల్లలందరూ గేటు లోపల ఉండాల్సిందే. ఆలస్యమైతే వీధంతా వినబడేలా తిట్టేది, తిట్టిన నోటితోనే అన్నం తిన్నావా అని అడిగేది. ఎవరికి వంకాయ పడదో, ఎవరు తలనొప్పి వస్తే చెప్పకుండా పడుకుంటారో ఆమెకు తెలుసు.

అందాల పోటీలంటే మాత్రం ఆమెకు గిట్టదు. ఆ నాలుగైదేళ్లలో మన దేశపు అమ్మాయిలు ప్రపంచ కిరీటాలు గెలుచుకు రావడంతో హాస్టల్లో ఎప్పుడూ ఆ కబుర్లే. టీవీలో పోటీ వస్తోందంటే హాలంతా నిండిపోయేది. ఆమె గుమ్మంలో కాసేపు నిలబడి, "సంతలో దూడల్ని చూసినట్టు ఆ చూడ్డమేంటర్రా," అని విసుక్కుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

అలాంటి మనిషి 1999 ఫిబ్రవరిలో ఒక అందాల పోటీకి వార్డెన్‌గా వెళ్లింది. అందుకు కారణం నీహారిక.

నీహారిక అమలాపురం పిల్ల. ఎంసీఏ రెండో ఏడు చదువుతోంది. నెమ్మదస్తురాలు, గట్టిగా నవ్వితే ఎవరేమనుకుంటారో అన్నట్టు ఉండేది. ఆ పిల్ల గదిలోవాళ్లు పట్టుబట్టి ఆమె ఫొటోలు తీయించి 'మిస్ నవభారత్' అనే పోటీకి పంపించారు. పంపినవాళ్లు కూడా ఆ సంగతి మర్చిపోయాక, ఎంపికయ్యావంటూ కబురొచ్చింది.

మిస్ నవభారత్ అప్పటికింకా పసిబిడ్డ. దేశమంతటికీ పోటీ అని పేరే గానీ, మొదటి ఏడు పుణేలో ఒక హోటల్ హాల్లో పట్టుమని పన్నెండు మందితో జరిగింది. ఆ ఏడు కిరీటాన్ని నాటకాల సామాను అమ్మే కొట్లో కొన్నారని చెప్పుకునేవారు. రెండో ఏడు నాగపూర్‌లో సగంలో వాన పడి మైకులు మూగబోయాయి. అదొక్కటే అయితే పోయేది. అక్కడ కొందరు అమ్మాయిలను, ఇళ్లలో తెలియకుండా, స్పాన్సర్ల విందులకు తిప్పారని పత్రికల్లో వచ్చింది. దాంతో మూడో ఏడు అమ్మాయిలు వస్తామన్నా తల్లిదండ్రులు పంపడానికి జంకారు.

మొదటి ఏటి నుంచీ పోటీని నడుపుతూ, ఆ మూడో ఏడు దాన్ని హైదరాబాదుకు తెచ్చినవాడు శ్యామ్. అడ్వర్టైజింగు కంపెనీ నడిపే ముప్పై అయిదేళ్ల మనిషి. చేతిలో సెల్‌ఫోను, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక నినాదం. మాదాపూర్‌లో హైటెక్ సిటీ మేడ తెరిచి అప్పటికి మూణ్ణెల్లు. ఆదివారాలు జనం పిల్లాజెల్లాతో వచ్చి, చుట్టూ ఉన్న బండరాళ్ల మధ్య నిలబడి ఆ గుండ్రటి అద్దాల మేడని నుమాయిష్ చూసినట్టు చూసిపోయేవారు. ఆ మేడ దీపాలు వెనక కనిపించేలా ఎదురుగా ఖాళీ స్థలంలో వేదిక వేయాలని శ్యామ్ పథకం. అన్నీ కుదిరాయి గానీ అమ్మాయిల తల్లిదండ్రులే కుదరలేదు.

నీహారిక తండ్రి రామబ్రహ్మం హైస్కూలు హెడ్మాస్టరు. ఒక పొద్దున్నే హాస్టల్‌కి ఫోన్ చేశాడు.

"అమ్మా, మా పిల్ల ఫోన్లో ఏడుస్తోంది. పంపకపోతే జీవితాంతం మమ్మల్ని అంటుంది. పంపితే ఆ పది రోజులూ మాకు కునుకుండదు. మీరు వెంట ఉంటానంటే సరేనంటాను. లేకపోతే లేదు."

"ఇదేం బాధ్యతండీ నా నెత్తిన పెట్టారు!" అంది కనకలక్ష్మి. ఫోన్ పెట్టేసి అరగంటసేపు వంటమనిషి మీద అరిచింది. బుల్లిబాబు పేపరు మడిచి, "వెళ్లి రావే లక్ష్మీ," అన్నాడు. "ఇక్కడ యాభైమందిని కాస్తున్నావు. అక్కడ ఇరవైమంది. నీకు సెలవులిచ్చినట్టే."

ఈ సంగతి విని శ్యామ్ పరుగున వచ్చాడు. ఒక్క నీహారికకే కాదు, అందరికీ వార్డెన్‌గా ఉండమన్నాడు. 'హాస్టల్ నడిపే ఆంటీ దగ్గరుండి చూసుకుంటారు' అని చెబితే మిగతా తల్లిదండ్రులూ ఒప్పుకుంటారని అతని ఆశ.

"మీకే ఇబ్బందీ ఉండదండీ. ఉండి చూసుకుంటే చాలు."

"ఏం చూసుకోవాలి?"

"అంటే, పిల్లల్ని."

"ఎవరి నుంచి?"

శ్యామ్ నవ్వాడు. మాట మార్చి బస సంగతి చెప్పాడు.

బస నానక్‌రామ్‌గూడలో. ఊరి చివర ఏనుగుల్లాంటి రాళ్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య ఎవరో పెద్దమనిషి కట్టుకుని అద్దెకిచ్చిన గెస్ట్‌హౌస్. వంటకు ఆ ఊరి ఈరమ్మ, గేటు దగ్గర రాజయ్య. దేశం నలుమూలల నుంచి అమ్మాయిలు పెట్టెలతో దిగారు. కనకలక్ష్మికి హిందీ బస్సు కండక్టరుతో మాట్లాడేంతే వచ్చు. ఇంగ్లీషు అదీ లేదు. అయినా రెండో రోజుకే అందరూ ఆమెను ఆంటీ అనడం మొదలుపెట్టారు.

ఆమె అనుకున్నట్టు అక్కడ అద్దాల ముందు కూచునే పని పెద్దగా లేదు. తెల్లారకముందే లేచి వ్యాయామం. తర్వాత బొంబాయి నుంచి వచ్చిన టీచరమ్మ వరండాలో ముగ్గుపిండితో గీత గీసి, ఎత్తు మడమల చెప్పులు తొడిగించి, దాని మీద నడిపించేది. మెడ వంగితే మళ్లీ మొదటి నుంచి. గౌహతి నుంచి వచ్చిన అమ్మాయికి మడమల మీద బొబ్బలు చితికి రక్తం కారుతున్నా నడక ఆపలేదు. కనకలక్ష్మి ఆ పిల్లని కూచోబెట్టి, కాళ్లు ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాసింది. ఆ పిల్లకి తెలుగు రాదు, ఈమెకి అస్సామీ రాదు. "ఎందుకే తల్లీ ఇంత అవస్థ?" అని ఈమె అడిగితే ఆ పిల్ల ఏమర్థం చేసుకుందో, తన ఇంటి ఫొటో తీసి చూపించింది. రేకుల ఇంటి ముందు చాలామంది నిలబడి ఉన్నారు. ఆ ఫొటో చాలాసేపు చూసి వెనక్కిచ్చింది కనకలక్ష్మి. అప్పట్నుంచి ఆమె నోట దూడల మాట రాలేదు.

ఆ గుంపులో కనకలక్ష్మికి లొంగని పిల్ల ఒక్కతే, హర్షిణి. బర్కత్‌పురా అమ్మాయి. బేగంపేటలో డాక్టర్లు చెప్పింది విని కంప్యూటర్లో టైపు చేసే కంపెనీలో ఉద్యోగం. జీతం నష్టపోయి సెలవు పెట్టి మరీ వచ్చింది. అడిగిందానికి జవాబు చెప్పేది గానీ, అందరిలా ఆంటీ చుట్టూ తిరిగేది కాదు.

శనివారం మధ్యాహ్నం శ్యామ్ వచ్చాడు. మాట మొదలుపెట్టడానికి తటపటాయించాడు.

"రేపు మన స్పాన్సర్ ఓంకార్ గారి ఫామ్‌హౌస్‌లో భోజనమండీ. నార్సింగి అవతల. అయిదుగురు అమ్మాయిలను రమ్మన్నారు."

"ఎవరా అయిదుగురు?"

"పేర్లు ఆయనే చెప్పారు. ఫొటోలు చూసి." అందులో నీహారిక ఉంది, హర్షిణీ ఉంది.

"మిగతావాళ్లు?"

"వాళ్లకి రిహార్సల్ పెట్టాం. మీరు వాళ్లతో ఇక్కడే ఉంటే..."

కనకలక్ష్మికి నాగపూర్ సంగతి తెలుసు. పేపర్లో వచ్చింది హాస్టల్ పిల్లలు చదివి వినిపించారు. "అయితే ఎవరూ వెళ్లరు," అంది. శ్యామ్ బతిమాలాడు. ఓంకార్‌కి కోపం వస్తే పోటీయే ఉండదన్నాడు. ఆమె వినిపించుకోలేదు. రేపు గేటుకు తాళం వెయ్యమని రాజయ్యకు అతని ముందే చెప్పింది.

అరగంట తర్వాత హర్షిణి వంటింట్లోకి వచ్చింది. ఈరమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే కనకలక్ష్మి పక్కన పీట మీద కూచుని ఉంది.

"ఆంటీ, నన్నడిగిండ్రా?"

"అడిగేదేముందమ్మా ఇందులో? మంచీ చెడూ చూడ్డానికే కదా నేనిక్కడ ఉన్నది."

"నాకు ఇర్వై మూడేండ్లు. నౌకరి చేస్తున్న. ఆఫీసుల మొగోళ్ల నడుమనే కూసుంటున్న. ఓంకార్ సార్ వాళ్ల యాడ్‌ల నన్ను తీసుకుంటమని చెప్పిండ్రు. నా ఛాన్స్ మీరెట్ల తీసేస్తరు? నేనేమన్న మీ హాస్టల్ పిల్లనా?"

గొంతు పెంచలేదు. అందుకే ఆ మాటలు మరింత గట్టిగా తగిలాయి. కనకలక్ష్మికి మొదట కోపం వచ్చింది. నోటిదాకా వచ్చిన మాట ఈరమ్మ ముందు అనలేక ఆగింది. ఆగాక ఆలోచించింది. నిజమే, ఆ పిల్లని ఆమె అడగలేదు. ఎవర్నీ అడగలేదు.

"ఆ పిల్ల జెప్పేది గూడ ఇనాలె గద అమ్మా," అంది ఈరమ్మ, రొట్టె తిరగేస్తూ. "తాళమేసుడైతె నాకు గూడ వస్తది."

సాయంత్రం టీ అయ్యాక కనకలక్ష్మి అందర్నీ భోజనాల గదిలోకి పిలిచింది. ఆమె తెలుగులో చెబుతుంటే హర్షిణి హిందీలోకి, నీహారిక ఇంగ్లీషులోకి మార్చారు.

"రేపు మీలో అయిదుగుర్ని భోజనానికి పిలిచారు. అయిదుగుర్నే ఎందుకు పిలిచారో నాకు తెలీదు. పిలిచినాయన మంచివాడే కావచ్చు. పోయినేడు నాగపూర్‌లో ఏం జరిగిందో మీరూ వినే ఉంటారు. మీకు చెప్పకుండా గేటుకు తాళం వెయ్యమన్నాను. అది తప్పని హర్షిణి అంది. ఆలోచిస్తే తప్పే. తాళం వెయ్యను. వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లండి. కానీ నేనూ వస్తాను. మీరు తిరిగొచ్చేదాకా అక్కడే కూచుంటాను."

గౌహతి అమ్మాయి చెయ్యెత్తి హిందీలో ఏదో అడిగింది. హర్షిణి ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

"ఆంటీ, గామె ఏమంటుందంటె, భోజనమే అయితె అందరం ఎందుకు పోవద్దని."

కనకలక్ష్మికి ఆ మాట తెగ నచ్చేసింది.

ఆదివారం పదకొండింటికి పోటీ వాళ్ల బస్సులోనే అందరూ బయల్దేరారు. శ్యామ్ ముందు సీట్లో తల పట్టుకుని కూచున్నాడు. నార్సింగి దాటాక రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్ష తోటలు. ఫామ్‌హౌస్ పచ్చిక మీద గొడుగుల కింద ఏడెనిమిది మంది మగవాళ్లు కూచుని ఉన్నారు. బల్ల మీద సీసాలు, గ్లాసులు, పక్కన కెమెరాతో ఒకడు.

బస్సు తలుపు తెరుచుకుంది. అమ్మాయిలు దిగుతున్నారు, దిగుతూనే ఉన్నారు. ఓంకార్ లేచి నవ్వుతూ ఎదురొచ్చినవాడు, సగం దారిలోనే ఆగిపోయాడు. నలభై ఏళ్లవాడు, మెడలో లావాటి గొలుసు. ఆఖర్న కనకలక్ష్మి చేతిసంచీతో దిగి నమస్కారం పెట్టింది.

"పిల్లలందరూ ఒక్కింటివాళ్లలా కలిసిపోయారండీ. కొందర్ని తీసుకొచ్చి కొందర్ని వదిలేస్తే బావుండదని అందర్నీ తీసుకొచ్చేశాను. మీరేమీ అనుకోరని తెలుసు."

ఎవరో గబగబా సీసాలు లోపలికి తీసుకెళ్లారు. వండిన బిర్యానీ చాలక, వంటవాళ్లు అప్పటికప్పుడు అన్నం వండి, కోడిగుడ్లు వేయించారు. అమ్మాయిలు పచ్చిక మీద బంతిగా కూచుని కడుపునిండా తిన్నారు. బొంబాయి టీచరమ్మ పక్కన లేదు కాబట్టి మారు వడ్డించుకున్నారు కూడా. తర్వాత పాటల ఆట మొదలైంది. ఆ మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు కార్లెక్కి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఏం చెయ్యాలో తోచక గడియారాలు చూసుకున్నారు. కనకలక్ష్మి చెట్టు కింద కుర్చీలో కూచుని అందర్నీ చూస్తూ ఉంది.

ఓంకార్ హర్షిణిని పక్కకు పిలవడం ఆమె చూసింది. కదల్లేదు. ఆ పిల్ల కనుచూపులోనే ఉంది. ఏదో మాట్లాడుకున్నారు. హర్షిణి తిరిగొచ్చి మిగతావాళ్లతో కూచుంది గానీ పాట అందుకోలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల వచ్చి కనకలక్ష్మి పక్కన నిలబడింది. ఆమె జరిగి కిటికీ వైపు చోటిచ్చింది. చాలా దూరం వెళ్లాక హర్షిణి తనే చెప్పింది.

"యాడ్ గురించి అడిగిన ఆంటీ. ఇంతమందిల ఏం మాట్లాడుతం, నువ్వు ఈడనే ఉండు, పొద్దు గూకినంక కార్ల పంపిస్త అన్నడు. ఆఫీసుల మాట్లాడుదాం సార్, అడ్రస్ ఇయ్యిండ్రి, రేపు పదింటికి వస్త అన్న." కిటికీలోంచి బయటికి చూసింది. "అడ్రస్ ఇయ్యలే."

కనకలక్ష్మి సంచీలోంచి మంచినీళ్ల సీసా తీసి అందించింది.

మర్నాడు శ్యామ్ గెస్ట్‌హౌస్ మెట్ల మీద కూలబడ్డాడు. ఓంకార్ తప్పుకున్నాడు. మాదాపూర్ స్థలం, దీపాలు, వేదిక అన్నీ అతని పేరు మీద మాట్లాడినవే, అన్నీ పోయాయి. శుక్రవారం ఫైనల్.

"మీకేమండీ, మీ హాస్టల్‌కి మీరు వెళ్లిపోతారు. మూడేళ్లుగా దీన్ని మోస్తున్నది నేను. మొదటి ఏడు నవ్వారు, రెండో ఏడు తిట్టారు. ఈ ఏడైనా నిలబెడదామనుకుంటే..."

"నావల్లే పోయింది. కాదనను," అంది కనకలక్ష్మి. అతని పక్క మెట్టు మీదే కూచుంది. "కానీ అలా నిలబడే పోటీ అయితే ఈ పిల్లలెందుకు శ్యామ్ గారూ?"

అమ్మాయిలు వరండాలో గుంపుగా నిలబడి ఉన్నారు. ఇళ్లకు పంపేస్తారేమోనని అందరికీ భయం. గిన్నెలు తోముతున్న ఈరమ్మ తలెత్తింది.

"ఏంది సారు గంత పరేషాన్ అయితుండ్రు? స్టేజే గద కావాల్సింది? మా ఊర్ల టెంటుహౌస్ వీరేశం లేడా?"

వీరేశం సాయంత్రం టీవీఎస్ మీద వచ్చాడు. ఊళ్లో పెళ్లిళ్లకు, దసరాకు షామియానాలు వేసేవాడు. ఆవరణంతా తిరిగి, రెండు పెద్ద రాళ్ల మధ్య చదును చూసి తలాడించాడు.

"ఆదివారం పెండ్లి ఉన్నది. శుక్రారం దాంక సామానంత ఖాళీగనే ఉంటది. లైట్లు మాత్రం నా తోని గాదు. పగటీలి పెట్టుకోండ్రి. గని ఒక్క మాట సారు. టికెట్లు గికెట్లు పెట్టద్దు. మా ఊరంత చూస్తది."

అలా మిస్ నవభారత్ మూడో ఏడు ఫైనల్ నానక్‌రామ్‌గూడ రాళ్ల మధ్య, పట్టపగలు, ఎర్ర పసుపు షామియానా కింద జరిగింది. మధ్యాహ్నం నుంచే ఊరు కదిలొచ్చింది. రాళ్ల మీద ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూచున్నారు. రావలసిన జడ్జీల్లో ఇద్దరు రాలేదు. వచ్చిన ముగ్గురు ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దుకున్నారు. వెనక వరసలో రామబ్రహ్మం, పొద్దున రైలు దిగి వచ్చినవాడు, ఒళ్లో సంచీ పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

మొదట వేదికెక్కింది గౌహతి అమ్మాయి. నాలుగడుగులు వేసిందో లేదో వీరేశం చెక్కల సందులో చెప్పు మడమ ఇరుక్కుపోయింది. లాగినా రాలేదు. జనం గొల్లుమన్నారు. ఆ పిల్ల ఒక్క క్షణం నిలబడి, రెండు చెప్పులూ విడిచేసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, బొబ్బలు మానని పాదాలతో గీత గీసినట్టు నడిచి వెళ్లింది. నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. ఆమె తర్వాత నడవాల్సిన అమ్మాయిలందరూ చెప్పులు విడిచేశారు. బొంబాయి టీచరమ్మ నెత్తి కొట్టుకుంది గానీ, ఆపలేదు.

ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి రాళ్ల మీద నుంచి ఓ ముసలామె, "మాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి బిడ్డా!" అని కేకేసింది. హర్షిణి అందరి జవాబులూ తెలుగులో చెప్పి, తన వంతు రాగానే తనదీ తెలుగులోనే చెప్పింది. నీహారికను జడ్జి, కిరీటం వస్తే ఏం చేస్తావని అడిగాడు. ఆ ప్రశ్నకు ఇంగ్లీషులో బట్టీపట్టిన జవాబు ఆమె దగ్గరుంది. మొదలుపెట్టింది, ఆగిపోయింది, వెనక వరసలోకి చూసింది.

"మా నాన్నగారు వచ్చారండీ. నన్ను పంపినప్పట్నుంచీ ఆయనకి నిద్ర లేదు. కిరీటం వస్తే ఏం చెయ్యాలో నిజంగా నాకు తెలీదు. మా నాన్నగారు ఒకసారి తలెత్తి చూస్తే చాలు."

ఊరు ఊరంతా వెనక్కి తిరిగి చూసింది. రామబ్రహ్మం తలెత్తాడు.

గౌహతి అమ్మాయి గెలిచింది. హర్షిణి రెండోది. నీహారికకు ఏ స్థానమూ రాలేదు. వేదిక వెనక కొంచెం ఏడ్చింది. కనకలక్ష్మి కొంగుతో కళ్లు తుడిచి, "పద, మీ నాన్న పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు," అంది. ఆ సాయంత్రం తండ్రీ కూతుళ్లు ఈరమ్మ జొన్నరొట్టెలు తింటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. రామబ్రహ్మం కనకలక్ష్మికి దణ్ణం పెట్టబోతే ఆమె కసురుకుంది.

రాళ్ల మధ్య ఉత్తి కాళ్లతో నడుస్తున్న అమ్మాయి ఫొటో ఒక పేపరు నగరం పేజీలో వచ్చింది. అది చూసి ఒక చీరల కంపెనీ శ్యామ్‌ని వెతుక్కుంటూ వచ్చింది. ఆ తర్వాత జరిగిన పోటీలన్నిట్లోనూ చీర నడకకు చెప్పులుండేవి కావు. అది మన సంప్రదాయమని శ్యామ్ అందరికీ చెప్పేవాడు. వీరేశం చెక్కల సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

జూన్‌లో హర్షిణి పెట్టె పట్టుకుని నిజాంపేట వచ్చింది. ఆమె కంపెనీ మాదాపూర్‌కు మారింది. బర్కత్‌పురా నుంచి రోజూ తిరగడం కష్టమైంది.

"రూం ఉన్నదా ఆంటీ?"

"ఉంది. గేటు ఏడింటికి..." అనబోయి కనకలక్ష్మి ఆగింది. "మీ ఆఫీసు ఎన్నింటికి అవుతుంది?"

"ఎన్మిదింటికి."

"అయితే తొమ్మిది."

ఆ ఏడు హాస్టల్ గేటు వేళ అందరికీ మారిపోయింది. ఉద్యోగాల పిల్లలకు ఒకటి, చదువుకునేవాళ్లకు ఒకటి. ఆలస్యమవుతుందని ఫోన్ చేసి చెబితే తిట్లు లేవు. ఇన్నేళ్లూ తను కాసినది గేటునా, పిల్లలనా అని ఆమె బుల్లిబాబుతో ఒకసారి అంది. ఆయన, రెండూ కాశావులే, అన్నాడు.

దసరా వెళ్లాక శ్యామ్ వచ్చాడు. నాలుగో పోటీ డిసెంబరులో మైసూరులో. ఈసారి తటపటాయించలేదు. పిలిస్తే అందర్నీ పిలవాలి, వెళ్తే అందరూ వెళ్లాలి, వార్డెన్ వెంట ఉండాలి అని నియమం పెట్టానన్నాడు. వార్డెన్‌గా మీరే రావాలన్నాడు.

"నాకు హిందీ రాదు కదండీ. హర్షిణి వస్తానంటే వస్తాను," అంది ఆమె. ఆ పిల్లని ముందే అడిగి పెట్టుకుంది.

కాచిగూడ స్టేషన్లో బుల్లిబాబు పులిహోర పొట్లాలు కిటికీలోంచి అందిస్తూ నవ్వాడు.

"అయితే అందాల పోటీలు నచ్చినట్టేనా నీకు?"

"పోటీలు నచ్చలేదండీ. ఒకళ్లని నిలబెట్టి ఇంకొకళ్లని కూచోబెట్టడం ఇప్పటికీ నాకు నచ్చదు." కనకలక్ష్మి పొట్లాలు సర్దుకుంది. "పిల్లలు నచ్చారు. వాళ్లెలాగూ వెళ్తారు. వెంట మనిషుండాలి కదా."

రైలు కదిలింది. హర్షిణి పై బెర్తు మీద దుప్పటి పరుచుకుంటూ, మైసూరులో చలి బాగా ఉంటుందా అని అడిగింది. ఉంటే ఉండనీ, నీకూ ఒక స్వెట్టరు పెట్టాను అంది కనకలక్ష్మి.